గ్లాసెత్తిన ఫోటో

ఎగువ ఈజిప్టులోని ఆ విశ్వవిద్యాలయ ప్రచార విభాగంలోకి పరిశోధకురాలు నష్వా విసురుగా వచ్చి, పొద్దుటి పత్రికను అధికారి వగ్దీ బల్లమీద పడేసింది.

“నా వార్త ఏదీ, ఉస్తాద్?”

“అదిగో, మొదటి పేజీలోనే! మనకింత చోటు ఎప్పుడైనా దొరికిందా, డాక్టరమ్మా?”

“‘గౌరవనీయ విశ్వవిద్యాలయ అధ్యక్షులవారి ఆదరణలో, ఉపాధ్యక్షులవారి పర్యవేక్షణలో, డీన్‌గారి సమక్షంలో...’ బావి నీళ్ళలో విషముందన్న మాటెక్కడ?”

“ఆఖరి పేరాలో రాశానమ్మా. పెద్దల పేర్లు ముందు లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. చోటు చాల్లేదని పత్రికవాళ్ళు కింద కోసేశారు.”

“మరి ఏం మిగిలింది?”

“బావి పేరు, ‘నీటి పరిశోధన విజయవంతం’ అన్న శీర్షిక, ఫోటో.”

ఫోటోలో అధ్యక్షులవారు బావిగట్టున నవ్వుతూ గ్లాసెత్తి తాగుతున్నారు.

“ఆ గ్లాసులో ఏముంది?”

“సీసా నీళ్ళేనమ్మా. ఎండకి దాహమేసిందన్నారు.”

“ఆ సంగతి ఊరివాళ్ళకి తెలుసా?”

వగ్దీ జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. విన్నాడు. మొహం పాలిపోయింది.

“ఎవరు?”

“ఊరి పెద్ద. పత్రిక చూశాడట. పరీక్షకని మీరు మూయించిన బావిని పొద్దున్నే తెరిచారట. మీరు చల్లగా ఉండాలని దీవిస్తున్నాడు.”