నలభై మూడో పేజీ

నిరుద్యోగ యువతకు శిక్షణ ఇచ్చే కాంట్రాక్టుకు తను వేసిన టెండరు ఎందుకు తిరగ్గొట్టారో అడగడానికి, వెల్డింగ్ నేర్పే ఆవిడ షెడ్డుకు తాళం వేసి మరీ ఆఫీసుకు వచ్చింది. గుమస్తా ఫైలు తిరగేశాడు.

“నలభై మూడో పేజీ మీద మీ సంతకం లేదమ్మా.”

“అది ఖాళీ పేజీ కదండీ!”

“ఖాళీగా ఉందని మీరు ఒప్పుకోవాలి కదా. ప్రతి పేజీ మీదా సంతకం ఉండాలని రూలు.”

“పన్నెండేళ్లలో మూడొందల మందికి పని నేర్పానని రాశాను. అది కనపడలేదా?”

“కనపడింది. చాలా సంతోషించాం కూడా.”

“మరి ఎవరికిచ్చారు?”

“ఓ పెద్ద కంపెనీకి. చూస్తే ముచ్చటేస్తుందమ్మా, అట్ట మీద కూడా సంతకం పెట్టారు!”

“అబ్బో! వెల్డింగ్ కూడా అంత శ్రద్ధగానే నేర్పుతారన్నమాట.”

గుమస్తా గొంతు తగ్గించాడు. “అక్కడే చిన్న చిక్కొచ్చింది. వాళ్లకి షెడ్డు లేదు, మిషన్లు లేవు, నేర్పేవాళ్లూ లేరు. మీ షెడ్డు అద్దెకిస్తారేమో కనుక్కోమన్నారు. షెడ్డుతో పాటు మిమ్మల్ని కూడా.”

ఆవిడ సంచిలోంచి ఓ తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“అదెంత భాగ్యం! ముందు దీని మీద వాళ్ల సంతకం పెట్టించుకు రండి.”

“ఇందులో ఏమీ లేదు కదమ్మా!”

“లేదని వాళ్లు ఒప్పుకోవాలి కదండీ. అద్దె ఎంతో తర్వాత నేను తీరిగ్గా రాసుకుంటాను.”