జుబేర్‌కు తగిలిన బంతి

రాష్ట్ర జట్టులో మొదటి ఏడాది ఆడుతున్న ఫాస్ట్ బౌలర్ హైదరాబాద్‌లో జరుగుతున్న మ్యాచ్ మధ్యలోనే సొంతూరు అమరచింత వచ్చేశాడు. ఫోన్ చేస్తే అక్క బస్టాండుకు వచ్చింది.

“ఇంటికి రాకుండ గీడనే కూసున్నవేందిరా?”

“అమ్మకు ఏం చెప్పాల్నో తెల్వలేదక్కా. నా బాల్ అవతలి టీం జుబేర్ తలకు తాకింది. గ్రౌండ్లనే పడిపోయిండు.”

“ఇప్పుడెట్లున్నడు?”

“పానానికి భయం లేదంట. ఎడమ కన్ను కనవడ్తలేదంట.”

“నువ్వు కావాలని ఎయ్యలేదు కదరా.”

“తల మీదికే ఏసినక్కా. భయపెడ్దామని. అందరూ గట్లనే ఏస్తరు.”

అక్క అతని పక్కన కూర్చుంది.

“దవాఖానకు పోయినవా?”

“గేటు దాక పోయిన. ఆళ్లమ్మను చూసి ఎనక్కొచ్చిన. ఇగ బాల్ ముట్టనక్కా.”

“ముట్టుడు, ముట్టకపోవుడు తర్వాత సంగతి. హైదరాబాద్ బస్సొచ్చింది, లే. ఆళ్లమ్మ ముంగట నీ పక్కన నేనూ నిలవడ్త.”