ఉయ్యాల దగ్గర గుసగుసలు

దత్తతకు ముందు ఇల్లు చూసి వెళ్లడానికి అధికారిణి వచ్చే మధ్యాహ్నమది. ఖాళీ ఉయ్యాల అంచును వడ్రంగి ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

“చాల్లేవయ్యా, అద్దంలా ఉందిగా,” అంది భార్య.

“పాప చెయ్యి కదే. చిన్న చెక్కపేడున్నా గుచ్చుకుంటుంది.”

“ఆవిడేం అడుగుతుందో! నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.”

“ఉన్నదున్నట్టు చెబుదాం.”

“అవునూ, పొద్దుట్నుంచీ ఇలా గుసగుసలాడుతున్నామెందుకు?”

అతనికీ అప్పుడే తెలిసింది. “నువ్వు మెల్లగా మాట్లాడావని నేనూ...”

“నువ్వు తలుపు చప్పుడు కాకుండా వేశావని నేను!”

ఇద్దరూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

తలుపు దబదబా మోగింది. వడ్రంగి ఒక్క ఉదుటున వెళ్లి తీశాడు.

“ష్... మెల్లగా అమ్మా!”

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. అధికారిణి లోపలికి తొంగిచూసింది. ఖాళీ ఉయ్యాల కనబడింది. చెప్పులు చప్పుడు కాకుండా విప్పి, నవ్వు దాచుకుంటూ గొంతు తగ్గించి అడిగింది.

“ఎంతసేపైంది పడుకుని?”