చేపల వరుసలో దగ్గు

పాత బజారు, చేపల వరుస మొదట్లో వంట మాస్టరూ ఆయన భార్యా. కప్పు గాజుపలకల్లోంచి అప్పుడప్పుడే వెలుతురు దిగుతోంది గానీ, మాస్టరుకి మాత్రం కాళ్లు ముందుకు పడటం లేదు.

"మళ్లీ చెప్పు. చేప పాడైందైతే?"

"దగ్గుతాను."

"ఒక్కసారే. ఖళ్లు ఖళ్లుమని దగ్గావనుకో, ఆ చేపలావిడకి అనుమానమొస్తుంది."

"ఒక్కసారే లెండి. మంచిదైతే నోరు మూసుకుంటాను. ఎన్నిసార్లు చెప్పిస్తారు?"

"భయంగా ఉందే. ఒకప్పుడు ఈ వరుసలో కళ్లు మూసుకుని నడిచినా ఏ కొట్లో ఏముందో చెప్పేవాణ్ణి. ఇప్పుడేమీ లేదు. వట్టి గాలి."

"అదే ఆవిడకి చెప్పేయండి."

"ఏమని?"

"జ్వరం తగ్గాక వాసన పోయిందని. నాలుగు నెలలైందని. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరన్నాడని."

"చెప్తే? ముక్కు పనిచెయ్యని వంటవాడికి పొయ్యి ఎవడిస్తాడే? ఆవిడ ఊఁ అంటేనే హోటల్లో అడుగు పెట్టనిస్తానన్నాడు ఓనరు. ఈ బజారు కట్టినప్పట్నుంచీ అంతేనట. వాళ్ల అమ్మమ్మ, వాళ్లమ్మ, ఇప్పుడీవిడ. వంటవాళ్లకి పరీక్ష పెట్టి పంపేది వీళ్లే."

"పొయ్యి దగ్గరే ఉండాలా? కూరగాయలు తరిగే పనైనా..."

"నన్ను ఉల్లిపాయలు తరగమంటావా? ఇరవై రెండేళ్లు గరిటె పట్టినవాణ్ణి, నన్ను?"

"అది కాదండీ. రేపు వంటగదిలో నేనుండను కదా. అక్కడెవరు దగ్గుతారు?"

"కళ్లున్నాయి, చేతులున్నాయి. చూసుకుంటాను."

"పోయినసారీ ఉన్నాయి."

"ఆ సంగతి ఎత్తకు."

"ఎత్తకపోతే ఎలా? మీరు వండింది తిని ఆ పాప పదకొండు రోజులు ఆస్పత్రిలో..."

"బతికింది కదా! ఇంటికెళ్లింది కదా! అయినా నా ఒక్కడి తప్పా? ఫ్రిజ్ పాడైంది, వడ్డించినవాడు చూసుకోలేదు, ఆ పిల్లకి ముందే ఒంట్లో బాగా లేదేమో..."

"రోజూ వెళ్లి ఆ మంచం పక్కన కూర్చుంది నేను. నేనెవరో వాళ్లమ్మకి ఈ రోజుక్కూడా తెలియదు."

"మెల్లగా! కోళ్ల కొట్టువాడు మనకేసే చూస్తున్నాడు. పద, పద. అదిగో, ఆ చివరి రాతిబల్ల. కళ్లద్దాలు పెట్టుకుని పొలుసు గీకుతోందే, ఆవిడే. నవ్వుతూ ఉండు."

"నాకు నవ్వు రావట్లేదు."

"రప్పించుకో. నమస్కారం పెద్దమ్మా! హోటల్ ఓనరు గారు పంపించారు."

"ఓహో, మాస్టరువి నువ్వేనా? చూడ్డానికి బాగానే ఉన్నావు. ఈ అమ్మాయెవరు?"

"మా ఆవిడ. బజారు చూస్తానంటే తీసుకొచ్చాను. ఇంత పాత కట్టడం కదా అని..."

"చూడమ్మా, చూడు. అందరూ పైకప్పు చూసి, ఫొటోలు తీసుకుని పోయేవాళ్లే. పావుకిలో కొన్న పాపాన పోరు. అక్కడ నిలబడకు, జారతావు. మా అమ్మమ్మ తొక్కిన గచ్చు అది, అరిగి అద్దమైపోయింది."

"ఫరవాలేదు పెద్దమ్మా."

"సరే మాస్టరూ, ఇవిగో. రెండు ముక్కలు. ఒకే రకం చేప, ఒకే కోత. ఒకటి ఇవాళ తెల్లవారుజామున వచ్చింది. ఇంకోటి పాడైపోయింది, పారెయ్యాల్సింది. చెడ్డదేదో నా చేతికి తిరిగిచ్చెయ్."

"తలలు లేవేంటి పెద్దమ్మా?"

"తలుంటే కళ్లు చూసి, మొప్పలు చూసి ఎవడైనా చెప్తాడు. ఐసునీళ్లలో కడిగి మరీ ఉంచాను, నొక్కి చూసినా లాభం లేదు. ముక్కుతో చెప్పు."

"దానిదేముంది, చెప్తాను. ఇది... ఊఁ. ఇదేమో..."

"ఏంటయ్యా అంతసేపు? మల్లెపూలా అవి?"

"నిదానంగా చూడటం నాకలవాటు. ఇదిగో ఏమే, నువ్వూ చూడు. ఇంట్లో వండేదానివి, నాలుగు విషయాలు తెలుస్తాయి."

"నాకేం తెలుస్తుందండీ. ఇటివ్వండి. ఇదొకటి..."

"ఆఁ, చూశావుగా. రెండోది?"

"రెండోది... ఖహ్."

"ఏమ్మా, దగ్గొస్తోందా?"

"ఐసు చల్లదనానికి పెద్దమ్మా."

"అయిపోయింది పెద్దమ్మా, తేలిపోయింది! ఇదిగోండి, ఈ రెండోది. చెడ్డది ఇదే."

"ఆలోచించుకునే చెప్తున్నావా?"

"ఆలోచనెందుకండీ? గుప్పుమంటుంటే!"

"గుప్పుమంటోందా?"

"కడుపులో తిప్పేస్తోంది. ముందు దాన్ని అవతల పెట్టండి."

"నాయనా, ఇది తెల్లవారుజామున వచ్చిన చేప."

"ఏంటీ?"

"నీ చేతిలో మిగిలిందే, దాన్ని పిల్లి కూడా ముట్టదు. దాన్ని వండి జనానికి పెడతానంటున్నావు."

"లేదు లేదు, తారుమారైంది. మా ఆవిడ చేతిలో మారిపోయాయి. ఇంకోసారి పెట్టండి పెద్దమ్మా, ఒక్కసారి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"వద్దయ్యా. ఓనరు అడిగితే ఉన్నమాట చెప్తాను. నీ మీద నాకేం కోపం లేదు. అమ్మాయ్, తీసుకెళ్లమ్మా ఆయన్ని, జనం చూస్తున్నారు."

"రండి. ఇటు, గేటు వైపు."

"చెయ్యి వదులు! కొంప ముంచావు కదే! నిలువునా ముంచావు!"

"ముందు బయటికి నడవండి."

"ముక్కుకి ఆనించి మరీ చూశావు కదా? ఎలా పొరబడ్డావు? ఇంట్లో పాలు విరిగితే వీధిలోంచే పసిగడతావే! ఉండుండు. నాతో పాటు నీకూ జ్వరమొచ్చింది కదూ అప్పుడు?"

"వచ్చింది."

"ఒసేయ్... నీకూ పోయిందా? నాలుగు నెలలుగా నువ్వూ ఏమీ తెలియకుండానే వండి పెడుతున్నావా? నేను కుమిలిపోతుంటే చూడలేక దాచావా?"

"ఏడవకండి."

"ఏడవట్లేదు. ఒక్క మాట చెప్పొచ్చు కదే పిచ్చిదానా. నేనేమీ అనను, ఒట్టు. నీకూ పోయింది కదూ?"

"నాకు వాసన బాగానే తెలుస్తోందండీ. మొదటి ముక్క ముక్కు దాకా రాకముందే కంపు కొట్టింది. మంచిదాన్ని పట్టుకుని, కావాలనే దగ్గాను."