కొత్త తినని బొజ్జమ్మవ్వ

పాతూరి చింత తెలుసు కదా మీకు? మెట్ట మీద, వాగు మలుపు తిరిగే చోట ఒక్కటే నిలబడి ఉంటుందే, అదే. దాని కాయ ఎంత కండపట్టి ఉన్నా మన ఉసిరికలోవ వాళ్లెవరూ దులపరు. మిట్టమధ్యాహ్నం మేకలు అటు మళ్లితే దూరం నించే కేకలేసి రప్పిస్తారు గానీ వాటి వెనక పోరు. ఎందుకు పోరని అడిగారు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే పొద్దుగూకే వేళ ఆ అవ్వ పేరెత్తడం నాకేమంత సరదా కాదు. ముందా కుక్కని అవతలకి తోలండి. ఆఁ, ఇలా దగ్గరికి జరగండి.

మన ఊరు ఒకప్పుడు రోడ్డు పక్కన లేదు, ఆ చింత చుట్టూతానే ఉండేది. మెట్టంతా సామలూ, కొర్రలూ, కందులూ, బొబ్బర్లూ అన్నీ కలిపి చల్లేవాళ్లు. అందులో ఏది పండినా, ఆ కొత్త గింజని చచ్చిపోయిన పెద్దలకి పెట్టకుండా బతికున్నవాళ్లు నాలిక మీద వేసుకునేవాళ్లు కాదు. కొత్త గింజ వండి, అడ్డాకుల్లో వడ్డించి, పేరుపేరునా పిలిచి, వాళ్లు తిన్నాక మనం. దాన్నే 'కొత్త తినడం' అనేవాళ్లు. పెద్దలు తిన్నారని ఎలా తెలుస్తుంది అంటారా? గాలి లేకుండా ఆకు కొస అల్లాడుతుంది. నేను చూశాను, మీరూ చూస్తారు, తొందరెందుకు?

సరే, రోడ్డు పడ్డ ఏడు ఊరు కిందికి దిగిపోయింది. అప్పటికి చేలో సామ పండి ఉంది. గుమ్మళ్ల బొజ్జమ్మవ్వ అని ఒక ముసలావిడ, నోరు పెద్దది, కడుపు ఇంకా పెద్దది, కొత్త తినేదాకా నేను దిగనని చింత కింద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఊరివాళ్లు చేను కోసుకున్నారు, సామాను మోసుకున్నారు, ఆ హడావుడిలో అక్కడ కొత్త పెట్టడం మానేశారు. ఆ తరవాత మెట్టని జామాయిల్ తోటకి ఇచ్చేశారు, ఇంటింటికీ కోటా బియ్యం వచ్చాయి, ఇంక కొత్తేంటి పాతేంటి? కానీ ఆవిడకి మాత్రం ఎవరూ ఆకు వెయ్యలేదు కదా. మిట్టమధ్యాహ్నం ఎవరు ఆ దారిన పోయినా చెట్టు మీంచి 'కొత్త తిన్నారా?' అని అడిగేదట. తిన్నామని అబద్ధమాడినవాడికి జ్వరం. తినలేదన్నవాడి వెనకాల వాగు దాకా ఏడుస్తూ వచ్చేది. రెండూ కష్టమే కదా, అందుకని జనం అటు పోవడమే మానేశారు.

ఇంక అచ్చాయమ్మ సంగతి. బులిరెడ్డి పెళ్లాం. కొండ అవతలి ఊరి పిల్ల. ఏటా ఊడుపులకీ, కోతలకీ మైదానం పోయి వరిచేలల్లో నడుం వంచి వచ్చేది. వాగు ఎండిపోవడం చూసింది. మేకలు జామాయిల్ ఆకుకి మూతి కూడా పెట్టక వెనక్కి తిరగడం చూసింది. పుట్టింట్లో వాళ్లమ్మ చేసే సామ జావ పిల్లలకి పోద్దామంటే ఊళ్లో గిద్దెడు సామలు లేవు. ఆ దిగులు ఆవిడ లోపల పుండులాగా ఉండిపోయింది.

జామాయిల్ రెండో కోత కూడా అయిపోయి మెట్ట బోసిపోయిన ఏడు, తోట కాంట్రాక్టరు మళ్లీ వచ్చాడు. ఇంకో పదిహేనేళ్లకి ఇమ్మన్నాడు. ఊళ్లో సగం మంది ఇచ్చేద్దామనే అన్నారు. వాళ్లని తప్పు పట్టడానికీ లేదు, మొద్దులు తప్ప మట్టి కనపడని నేల ఎవడికి ముద్దు? అప్పుడు అచ్చాయమ్మ లేచి, ఒక్క ఏడు ఆగండి, నేను చల్లి చూస్తాను, పండితే అందరం చల్లుకుందాం, పండకపోతే మీ ఇష్టం అంది. పూజారి సోమిరెడ్డి పెద్దవాడు, చెవుడు. రెండుసార్లు అరిచి చెప్పించుకుని, సరే, వచ్చే కొత్త నాడు అందరం మెట్ట మీదే కూర్చుని తేల్చుకుందాం, కాంట్రాక్టరునీ అప్పుడే రమ్మనండి అన్నాడు.

మరి ఎక్కడ చల్లుతుంది? మెట్టంతా చచ్చుబడి ఉంది. చింత చుట్టూ మాత్రం నేల నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగేట్టు ఉంది. ఎందుకో తెలుసా? కాంట్రాక్టరు కూలీలు బొజ్జమ్మవ్వకి జడిసి అక్కడ ఒక్క మొక్క కూడా నాటలేదు. చూశారా, ఊరికి పనికిరాని దెయ్యం నేలకి కాపలా కాసింది.

అచ్చాయమ్మ పుట్టింటికి పోయి విత్తనం కొంగున కట్టుకొచ్చింది. ఆడపడుచు గంగాయమ్మ ఆవిడని వదినా వదినా అంటూనే దెప్పేది. 'దెయ్యంతో పొత్తు సేద్యమా వదినా? కోతకొచ్చాక ఆవిడ వాటా ఎంతో ముందే మాట్లాడుకో' అని నవ్వేది. నవ్వుతూనే మళ్లీ పార పట్టుకుని వచ్చేది, అదీ గంగాయమ్మంటే. ఇద్దరూ కలిసి ఆ నల్లనేల అంచునున్న జామాయిల్ మొద్దులు తవ్వారు, వాలుకి అడ్డంగా రాళ్లు పేర్చారు, అడవిలో రాలిన ఆకు తట్టలతో మోసి ఆ రాళ్ల వెనక పోశారు. మధ్యాహ్నమయ్యేసరికి గంగాయమ్మ ఏదో పని చెప్పి కిందికి దిగిపోయేది. అచ్చాయమ్మ ఒక్కతే చెట్టు కింద సద్ది విప్పుకునేది.

ఒకనాడు చెట్టు మీంచి గొంతు వచ్చింది, కొత్త తిన్నావా పిల్లా అని. అచ్చాయమ్మ తలెత్తి చూసింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయినా ఆలోచించింది, తిన్నానంటే జ్వరం, తినలేదంటే ఏడుపు, ఏమనాలి? చివరికి, 'ఇంకా విత్తుతున్నానవ్వా, పండితే ముందు నీకే' అంది. ఆ తరవాత, 'అయితే ఆ కందిని అంత దగ్గర దగ్గరగా వెయ్యకు, సామకి ఎండ తగలొద్దూ?' అని వినపడింది. అదీ బొజ్జమ్మవ్వ, చచ్చినా నోరు ఊరుకోదు.

వానలు పడ్డాయి. రాళ్ల వెనక నీళ్లు నిలిచి నిదానంగా ఇంకాయి. సామ మోకాళ్ల దాకా వచ్చింది, మధ్యలో కంది ఆకు వేసింది, బొబ్బర తీగ దాన్ని పట్టుకుని పాకింది. పందులు చుట్టుపక్కలంతా కుమ్మాయి గానీ ఆ చేలోకి అడుగు పెట్టలేదు. ఎవరు తోలారంటారు? సరే, అది మీకే వదిలేస్తున్నాను.

సామ వెన్నులు వంగాయి. కోసి, తొక్కి, చింత కిందే పరదా మీద ఆరబోశారు. కొత్త నాడు ఊరంతా ఎక్కొచ్చారు, ఎన్నేళ్లకో. కాంట్రాక్టరు కూడా వచ్చి ఒక పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు పొయ్యిలు పెడుతున్నారు. దంచబోయే ముందు గింజ ఎండిందో లేదో చూడాలి కదా, మైదానంలో వరి కళ్లాల్లో ఏం చేస్తారు? గింజ తీసి పంటి కింద టక్కున కొరుకుతారు. అచ్చాయమ్మ చెయ్యి ఎన్నో ఏళ్లుగా అలవాటు పడ్డ చెయ్యి. పిడికిట్లో సామలు తీసింది, ఒక గింజ పంటి కింద పెట్టింది, కొరికింది, మింగేసింది కూడా.

మింగాక గుర్తొచ్చింది.

ఎవరూ చూడలేదు. గంగాయమ్మ పొయ్యి ఊదుకుంటోంది. అచ్చాయమ్మ పిడికిట్లో గింజలు పరదా మీద వదిలేసింది. పెద్దల కంటే ముందు తను తినేసింది, అంటే ఆ గింజలన్నీ ఎంగిలి. ముందు నీకే అని మాటిచ్చిన ముసలిదానికి ఎంగిలి పెట్టబోతోంది. చెప్పేద్దామంటే? కొత్త చెడిపోతుంది, ఇదేదో అచ్చిరాని చేను అంటారు, మెట్ట కాంట్రాక్టరు చేతికి పోతుంది. చెప్పకపోతే? ఎవరికి తెలుస్తుంది? అలా అనుకుంటూనే దంచింది, చెరిగింది, వండింది.

సోమిరెడ్డి అడ్డాకులు వరసగా వేయించాడు. వడ్డించి ఒక్కొక్క పేరే పిలిచాడు. ఒక్క ఆకు కూడా కదల్లేదు. జనం ముఖాలు చూసుకున్నారు. చివర్న బొజ్జమ్మా, వచ్చి తినవే అని పిలిచాడు. ఆకు కదల్లేదు సరికదా, చింతచెట్టు మీంచి సన్నగా ఏడుపు మొదలైంది. పసిపిల్ల ఆకలికి ఏడ్చినట్టు. అందరూ విన్నారు. రాయి మీద కూర్చున్న కాంట్రాక్టరు కూడా విని లేచి నిలబడ్డాడు.

అచ్చాయమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. అందరి ముందూ మోకాళ్ల మీద కూలబడి, 'అవ్వా, ఏడవకే, నేనే ఎంగిలి చేశాను, గింజ కొరికి చూశాను, అలవాటు చొప్పున చేశానే, కావాలని కాదు' అని చెట్టుకేసి చూసి చెప్పేసింది. బులిరెడ్డి తల పట్టుకున్నాడు. ఎవడో వెనక నించి, అయితే ఇంక మాట్లాడేదేముంది, మెట్ట ఇచ్చెయ్యండి అన్నాడు. గంగాయమ్మ గరిటె పట్టుకుని వాడి వైపు తిరిగింది. 'నువ్వు కొరికావట్రా ఏనాడైనా ఒక గింజ? పండిస్తే కదా కొరకడానికి!' అంది.

అంతలో ఏడుపు ఆగిపోయింది. సోమిరెడ్డి తల చెట్టు వైపు వంచాడు. మనం రెండుసార్లు అరిస్తే గానీ వినపడని మనిషి, ఏదో బాగా వినపడుతున్నట్టు ఊఁ, ఊఁ అన్నాడు. కాసేపయ్యాక ఇటు తిరిగి, ఇదిగో బొజ్జమ్మ ఏమంటోందంటే, అని మొదలెట్టాడు. ఎంగిలి గింజ నాకొద్దంటోంది. నేను తిననిది మీరూ తినకూడదంటోంది. అలాగని పారేస్తే ఊరుకోనంటోంది.

మరి తినకూడదు, పెట్టకూడదు, పారెయ్యకూడదు, ఈ గింజలన్నీ ఏం చెయ్యాలి మావా అని అచ్చాయమ్మ రెండుసార్లు అరిచి అడిగింది.

'విత్తమంటోంది' అన్నాడు సోమిరెడ్డి. 'నేలకి ఎంగిలి లేదు, అందులో పడి మొలిస్తే మళ్లీ కొత్తే అంటోంది. ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ కొంగు పట్టండి.'

మన వాళ్లలో ఒక కట్టుంది కదా, పూజారి చేత్తో కొంగులో విత్తనం పోయించుకున్నవాళ్లు అది నేలలో వెయ్యకుండా ఉండకూడదు. పరదా మీద మిగిలిన సామంతా సోమిరెడ్డి దోసిళ్లతో పంచాడు. ఇచ్చేద్దామన్న సగం మంది ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా కొంగు పట్టారు, వాళ్ల మొగుళ్లు నేల చూపులు చూశారు. కొంగులో విత్తనం పడ్డాక నేల వేరేవాడికి ఎలా ఇస్తారు? ఎక్కడ విత్తుతారు, నెత్తి మీదా? కాంట్రాక్టరు కాసేపు నిలబడి, ఎవరూ తన వైపు చూడకపోయేసరికి, మధ్యాహ్నం కాకముందే వాగు దాటేశాడు. వండింది విత్తడానికి పనికిరాదు కదా, పారెయ్యకుండా పొదల్లో పిట్టలకి వేశారు. ఊరంతా ఆ పూట పస్తే. అచ్చాయమ్మ మాత్రం చింత మొదలుకి ఆనుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అది దుఃఖమో మరొకటో ఆవిడకే తెలియలేదు.

మరుసటి ఏడు మెట్టంతా చల్లారు. ఇంటింటికీ రాళ్ల వరసలు వేశారు, మరచిపోయిన పాటలు ముసలివాళ్లని అడిగి పాడుకున్నారు. కొత్త నాడు ఎవరూ గింజ కొరకలేదు. ఆకులు అల్లాడాయి. బొజ్జమ్మవ్వ ఆకు అయితే అల్లాడటం కాదు, ఊడిపోయి అచ్చాయమ్మ ఒళ్లో పడింది. రెండోసారి వడ్డించారు.

మరి కడుపు నిండాక వెళ్లిపోయిందా అని కదా మీ అనుమానం? ఎక్కడికి పోతుంది? ఇన్నాళ్లకి మళ్లీ ఊరొచ్చి చుట్టూ చేరితే! ఇప్పుడు కొత్త తిన్నారా అని అడగడం మానేసింది, అంతే. అందుకని చెబుతున్నాను, మిట్టమధ్యాహ్నం ఊరికే తిరుగుతూ ఆ పాతూరి చింత వైపు పోకండి. ఆవిడ మిమ్మల్ని పట్టుకోదు, పీక్కు తినదు. ఖాళీ చేతులతో కనపడ్డారంటే మాత్రం, పొద్దు వాలేదాకా కలుపు తీయించనిదే ఇంటికి పంపదు.