కాపలా వంతు

దేవరకొండ దగ్గర ఒక పల్లె, 1963. దొంగతనం కేసులో పట్టుబడిన పదహారేళ్ల ఐలేశాన్ని జైలుకు పంపకుండా ఊరివాళ్ల కాపలాలో ఉంచారు. అప్పుడప్పుడు వచ్చి చూసిపోయే ఆఫీసర్ అమరేందర్ ఇప్పుడు, బట్టలు తెచ్చుకొమ్మని వాణ్ని లోపలికి పంపి, వాడి ఇంటి ముందున్నాడు. అవ్వ భద్రమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

“జరుగు అవ్వా. పిల్లగాన్ని పట్నం తోల్కపోవాలె. ఇగ పిల్లల జైలే వీనికి.”

“జరగ. ఏం జేసిండని?”

“సైదమ్మ కోడిని ఎత్కపోయిండు. వెంకటయ్య పటేలే చెప్పిండు.”

“పటేలా? పటేలే చెప్పిండా?”

“ఆయన చెప్తే నమ్మొద్దా?”

“నమ్ముండ్రి, ఎవలొద్దన్నరు? గని రాత్రి వీని కాపలా వంతు ఎవలదో అడిగిండ్రా?”

“వంతేంది?”

“పసుల కాపరికి పూటకో ఇంట్ల బువ్వ పెట్టరా? గట్లనే వీనికి. దినానికో ఇల్లు. బువ్వ వాళ్లదే, కాపలా వాళ్లదే. చాకిరి మాత్రం వీనిది. ఒక్క గడియ ఒంటిగ ఇడవొద్దని మీరే అంటిరి గద!”

“అన్న. అయితే?”

“అయితే ఏంది సారూ? వీడు ఉచ్చకు పోయినా ఎంబడి ఒకడు పోతడు. గసొంటోడు కోడిని ఎట్ల పడ్తడు?”

“మరి కోళ్లు ఎట్ల మాయమైతున్నయి? మొన్న గాలయ్య పుంజు, నిన్న…”

“వీడు దొరికినకాంచి ఊరోళ్లకు కోడికూర మీద మనసైంది. ఎవడు తిన్నా పేరు వీనిదే.”

“అవ్వా! ఊరందరిని దొంగలంటున్నవా?”

“అంట. నాకున్నది వీడొక్కడే. వీన్ని కొంచవోతే నేను బతక. గందుకే అంటున్న.”

“ఐలేశం, నువ్వు చెప్పు. రాత్రి ఎవరింట్ల ఉన్నవ్?”

“పటేలింట్ల సార్.”

“బయటికి పోయినవా?”

“ఎట్ల పోత? కొట్టంల ఏసి గొళ్లెం పెట్టిండ్రు.”

“మరి కోడి?”

“పొద్దుగాల పటేలే సంకల పెట్టుకొని తెచ్చిండు. ఈకలు నాతోనే పీకిచ్చిండు.”

“అది సైదమ్మదే అని ఏం నమ్మకం?”

“బోసిమెడ కోడి సార్. ఊర్ల గదొక్కటే.”

“ఒరేయ్, పగటి బువ్వకు నేను పటేలింట్లనే ఉంటి గద! అప్పుడే ఎందుకు చెప్పలే?”

“చెప్దామనే వచ్చిన సార్. మీరు రెండోసారి కూర ఏపిచ్చుకుంటుండ్రి.”