వలి బిగించిన పెడళ్లు

మీ తాతయ్య కన్నా నాకు ఆ ఎర్ర కారంటేనే ఎక్కువ ఇష్టంగా ఉండేదే సుధా. ఇదిగో, ఇన్నేళ్లలో ఈ మాట నా నోట్లోంచి బయటికి రాలేదు, ఇవాళ వచ్చేసింది. నవ్వకు, ఆయన పక్క గదిలోనే పడుకున్నాడు. ముందిట్టా కూర్చుని కాలు చాపు, ఆ వేలు చూడనీ. ఎర్రబడింది, అంతే, తెగలేదు. నేనట్టా కేక పెట్టేసరికి నీక్కూడా గుండె జారిందా? ఆ పెట్టెలోంచి మెరిసే పెడళ్లు తీశావు, నీ కారుకి బిగించక ముందే ఎట్టా ఉంటాయో చూద్దామని నేల మీద పెట్టి వట్టికాలు ఆనించావు. అప్పటిదాకా బాగానే ఉన్నాను. నువ్వు కాలు తీయబోతే పెడలు కూడా కాలితోపాటు పైకి లేచింది. నీ మెట్టె కొస ఆ చిల్లులో పట్టుకుని వదల్లా. నువ్వేమో 'భలే పట్టుకుందే అమ్మమ్మా' అని ఒంటికాలి మీద గెంతుతున్నావు. నేను కేక పెట్టింది అప్పుడే. అయ్యో, ఇదా, ఇంతేనా అనిపించింది. ఇంతదానికి ఆ మనిషి బతుకంతా కుమిలి కుమిలి పోయాడా అని.

ఎవరంటావేంటి, వలి. నీకు తెలీదు, మీ అమ్మకి తెలుసు. తెనాల్లో రైలు గేటవతల కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. చొక్కా మీద ఎక్కడ చూసినా నూనె మరకే, తల మాత్రం నున్నగా దువ్వుకుని ఉండేవాడు. అప్పట్లో మీ తాతయ్యకి రేపల్లె దగ్గర రొయ్యల చెరువులు కలిసొచ్చినయ్యి. కలిసొస్తే ఊరుకుంటాడా, మద్రాసు పోయి ఎవరో వాడిన కారు తెచ్చాడు. రెండే తలుపులు, నేలకి ఆనుకుని ఉండేది, దిగాలంటే ఇంకొకళ్లు చెయ్యివ్వాలి. తీరా తెచ్చాక ఆయన పొట్టకి స్టీరింగు అడ్డమొచ్చింది! అట్టా నాకు మిగిలిందే తల్లీ అది. తోలటం నేర్పింది వలీనే. 'గేరుని బతిమాలకక్కా, చెప్పినట్టు వేయి, అదే వినిద్ది' అనేవాడు. నేను చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని చుండూరు మీదుగా పోతుంటే, నాట్లేసేవాళ్లు నడుములు నిటారుగా లేపి చూసేవాళ్లు. మా అత్తగారైతే రెండ్రోజులు నాతో మాట్లాడలా. మూడోరోజు, 'నన్ను కూడా ఒకసారి చుండూరు దాకా తిప్పవే' అంది. అదీ మా అత్తగారు.

ఎక్కడున్నా? ఆ, పెడళ్లు. ఒకరోజు వలి వచ్చి, 'అక్కా, ఇంత కారులో ఈ నల్ల రబ్బరు పెడళ్లేంటక్కా, పట్టుచీర కట్టుకుని హవాయి చెప్పులేసుకున్నట్టుంది' అన్నాడు. నవ్వొచ్చి, సరే నీ ఇష్టం అన్నాను. మద్రాసునించి తెప్పించాడు. తెల్లటి అల్యూమినియం, వరసగా చిల్లులు, అచ్చం నీవిలాంటివే. తల కింద పెట్టి, కాళ్లు సీటు మీదికి వేసి, తలకిందులుగా దూరి మధ్యాహ్నమంతా బిగించాడు. పాత రబ్బరు ఊడదీయటం, ఇనప పెడలుకి తూట్లు వేయటం, బోల్టు వేసి వెనక నట్టు బిగించటం, మళ్లీ లేచి తొక్కి చూడటం. తలుపులోంచి కాళ్లు బయటికొచ్చి ఊగుతుంటే, దారిన పోయే ముసలాయన 'ఏమైందయ్యా పాపం, బతికున్నాడా' అని అడిగాడు. మరి మా ఇంట్లో పద్ధతేంటంటే, కారుకి పసుపూ కుంకుమా పెట్టాక అది లచ్చిందేవి. చెప్పులు బయట విడిచే ఎక్కాలి. మీ తాతయ్య ఈ వయసులోనూ అద్దెకారు ఎక్కబోతూ చెప్పులు రోడ్డు మీద వదిలేస్తాడు, చూశావుగా, మొన్న గుడివాడ పోయినప్పుడు ఒక జత అట్టాగే పోయింది. వలికీ ఆ సంగతి తెలుసు. అందుకే వాడు కూడా చెప్పులు విప్పి, వట్టికాలితోనే తొక్కి చూశాడు. జారిద్దేమోనని కాళ్లు తడుపుకుని మరీ చూశాడు. ఎండలో కాలిద్దేమోనని కారు ఎండలో పెట్టి చూశాడు. అన్నీ చూశాడే! మెట్టె మాత్రం చూళ్లా. మగాడి కాలికి మెట్టెక్కడిదే?

ఆ తర్వాత కొన్నాళ్లకి బాపట్లలో పెళ్లికెళ్లాను. అక్కణ్ణించి చెరువుల దగ్గరున్న మీ తాతయ్య దగ్గరికని ఒక్కదాన్నే రేపల్లె బయల్దేరా. పెళ్లికని కొత్త మెట్టెలు పెట్టుకున్నా, చుట్లు చుట్లుగా ఉండే రకం, కొసలు తేలి ఉంటయ్యి. కర్లపాలెం దాటాక గేదె అడ్డమొచ్చింది. ఎక్సిలేటరు మీంచి బ్రేకు మీదికి కాలు తీద్దామంటే కాలు రాదే! ఎవరో కింద కూర్చుని వేలు పట్టుకున్నట్టు ఉంది. పక్కకి గుంజుకోబోయి దాన్నే ఇంకా నొక్కేశా, బండి ఊపందుకుంది. గేదె తప్పించుకుంది, నేను పంట కాలవలో పడ్డాను. చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో వేలు వాచిపోయిందని మెట్టె కత్తిరించి తీశారు. కాలవలో పడ్డప్పుడు వంకరపోయింది కాబోలనుకున్నాం. ఎక్సిలేటరు పట్టేసిందన్నాను నేను. నాకు తెలిసింది అదే మరి.

మీ తాతయ్య తిన్నగా షెడ్డుకి పోయి పదిమందిలో వలి చొక్కా పట్టుకున్నాడు. 'నీ చేతుల్లో పెడితే మా ఇంటి మనిషిని చంపబోయావు కదరా' అన్నాడంట. వలి ఆ కాలవలోంచి కారు ఈడ్పించుకుపోయి, పెడళ్లు ఊడదీసి, మళ్లీ బిగించి, మళ్లీ ఊడదీసి. చేతికట్టుతో ఉన్న నా దగ్గరికొచ్చి గుమ్మంలో నిలబడి, 'పట్టట్లేదక్కా. ఎంత తొక్కినా అది పట్టట్లేదు. మరి నిన్నెట్టా పట్టింది?' అన్నాడు. ఎక్సిలేటరే పట్టేసిందన్నా మళ్లీ, అంతకుమించి నాకు తెలిస్తేగా. 'నేనే ఏదో వదిలేసి ఉంటానక్కా' అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. పోనీ ఊరు ఊరుకుందా? వలి పెడళ్లు వేస్తే మనుషులు కాలవలో తేలతారని హోటళ్లలో జోకులు. షెడ్డుకి రావటం మానేశారు. పెళ్లాం షంషున్నీసాది రేపల్లె, అక్కడికి పోయి పంచర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇంజను ముట్టుకోలా మళ్లీ. ఎవరన్నా బండి తెచ్చి బానెట్టు ఎత్తితే మొహం అటు తిప్పుకునేవాడంట. అట్టాంటి చెయ్యే అది, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే చెయ్యి... చెయ్యి వినిద్దా అంటావు, వినేదే నీకేం తెలుసు.

కరోనాకి ముందేడు పోయాడు. మీ తాతయ్యకి చెప్పకుండా బస్సెక్కి వెళ్లొచ్చాను. షంషూ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'రోజూ అడిగేవాడక్కా. ఏ నట్టు వదిలేశానే, ఏ బోల్టే అని నన్నడిగేవాడు. నాకేం తెలుసక్కా బోల్టుల సంగతి? ఏదో ఒకటి చెప్తే నిద్రపోతాడని, బ్రేకుదేమోలే అనేదాన్ని' అంది. విన్నావా? ఆవిడ కూడా నమ్మింది, మొగుడు వదిలేశాడనే. ఆయన్ని ఓదార్చటానికి తప్పు ఆయనదేనని రోజూ చెప్పిందే పిచ్చిది.

ఏ నట్టూ వదల్లేదు. ఇవాళ, నీ కాలికి పెడలు వేలాడితే తెలిసింది నాకు. అన్నీ సరిగ్గానే బిగించాడు. నువ్వేమో ఇప్పుడెందుకమ్మమ్మా, పోయినాయన లేచొస్తాడా అంటావు. రాడు. ఆవిడ ఉందిగా! రేపల్లెలో ఆ కొట్టు ముందునించి పోతూ ఇప్పటికీ ఎవడో ఒకడు పాత జోకు వేస్తాడు, ఆవిడ లోపల కూర్చుని వినిద్ది. చెప్తే ఏడుస్తదంటావా? ఏడవనీ. ఇన్నాళ్లూ కనిపెట్టలేదేమని తిడితే తిట్టనీ. మెట్టె వల్ల కాలవలో పడిందంట శకుంతలమ్మ అని ఊరు నా మీద నవ్విద్ది, ఆ, నవ్వనీ, ఆయన మీద నవ్వినంత కాలం నవ్వలేరులే, నేనంతకాలం ఉండను. మీ తాతయ్యా? లేస్తే లేవనీ. ఆయన కూడా వినాలి ఇది, అసలు ఆయనే వినాలి.

నీ వేలికి పసుపు తర్వాత రాస్తాను, ఉండు. ఆ ఫోనిటు తే. మీ అమ్మ దగ్గర షంషూ నంబరుంది, అడిగి తీసుకో. ఈపాటికి సాయంత్రం అసర్ నమాజు అయిపోయుంటది. ముందు బాగున్నావా అంటాను... ఆనక, షంషూ, మీ ఆయన... కాదు, అట్టా కాదు. ఎట్టా మొదలుపెట్టాలే దీన్ని? సరే, ఆవిడ ఎత్తాక చూద్దాం. నంబరు కొట్టు.